వైకుంఠం దాటిన తరువాత

మా హోసూరు నుండి కోయంబత్తూరుకు మోటారులో పోయేవారికి సేలం దాటిన తరువాత వైకుంఠం తగులుతుంది. పేరు విని చేతులు జోడించనక్కర లేదు. అక్కడ ఉన్నది టోల్‌గేటు. జయవిజయుల స్థానంలో రెండు కమ్మీలు అడ్డంగా ఉంటాయి. అద్దానికి అంటించిన చీటీని యంత్రం చూచి, మన ఖాతాలోనుంచి డబ్బు తీసికొని, కమ్మీ పైకెత్తుతుంది. పుణ్యం చేసికొన్నవారూ, చేసికోనివారూ ఒకే వరుసలో నిలబడవలసిందే.

2025 ఏప్రిల్ నెలలో ఒకనాడు ఆ వరుసలో మేమూ నిలబడ్డాము. బండిలో మేము, మా ఇంటావిడ, వెనుక సీటులో డెబ్భయి ఎనిమిదేండ్ల మా అమ్మ. ఆమె కుడికంటికి శుక్లం ముదిరింది. మరునాడు ఉదయం కోయంబత్తూరులో ఆపరేషన్. పక్కనే బెంగుళూరు ఉండగా అంత దూరమెందుకని అడుగుతారేమో. మా చెల్లెలు కోయంబత్తూరులో కాపురముంటున్నది. కంటికి కట్టు కట్టించుకొన్న తరువాత కూతురి దగ్గర పది రోజులు ఉండాలని అమ్మ కోరిక. అమ్మ కోరిక ముందు కిలోమీటర్ల లెక్క ఏపాటిది!

మా హోసూరును గురించి ఒక మాట. తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఒకే వీధిలో వినబడే ఊరు మాది. మా తాతగారి కాలంలో అది సేలం జిల్లా. 1965 లో ధర్మపురి జిల్లా అయింది. 2004 లో కృష్ణగిరి జిల్లా అయింది. మేము గడప దాటకుండానే మూడు జిల్లాలు చూచాము. అశోక్ లేలండ్ లారీలూ, టీవీఎస్ మోటారు సైకిళ్ళూ తయారయ్యే ఊరు. ఇటువంటి ఊళ్ళో ఉండి, సొంత కారుకు వచ్చిన చిన్న జబ్బు ఏమిటో నాలుగు నెలలపాటు తెలిసికోలేకపోయాము. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

కారు మేము 2022 జూన్‌లో కొన్నాము. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ దుకాణంలో పెద్ద ఉద్యోగి ఒకరు మనవారు, మన సంఘంలో సభ్యులు. ఉగాదికి పచ్చడి పంచేటప్పుడు మా పక్కనే నిలబడే మనిషి. అందువల్లనే అక్కడ కొన్నాము. అందువల్లనే చిక్కులోనూ పడ్డాము.

2025 జనవరి నుంచి కారులో కూలెంటు తగ్గడం మొదలుపెట్టింది. ఇంజనును చల్లబరచే రంగునీటిని కూలెంటు అంటారని పాఠకులకు తెలిసే ఉంటుంది. బానెట్టు ఎత్తితే తెల్లని ప్లాస్టిక్ డబ్బా మీద రెండు గీతలుంటాయి. నీరు ఆ రెండింటి మధ్య ఉండాలి. మా బండిలో మూడు వారాలకొకసారి కింది గీతకు దిగిపోయేది. ఆ ఉద్యోగికి ఫోను చేస్తే ఎంతో మర్యాదగా కుర్రవాణ్ణి పంపి బండి తెప్పించేవారు. మొదటిసారి, "ఎండలకు ఆవిరైపోతుందండీ, కంగారు పడకండి" అన్నారు. రెండవసారి ఇంటిముందు గచ్చు మీద మచ్చ సంగతి చెబితే, "అది ఏసీ నీళ్ళండీ" అన్నారు. మూడవసారి లోపలంతా కడిగి కొత్త కూలెంటు పోశామని 2,800 రూపాయల బిల్లు ఇచ్చారు. మొదటి రెండుసార్లు జాబ్ కార్డు అడిగితే, "మనలో మనకు కాగితాలెందుకండీ" అని నవ్వారు. మేమూ నవ్వాము. కాఫీ కూడా బాగుంది.

ఇంట్లో మాత్రం అమ్మ నవ్వలేదు. ఆమెకు చూపు తగ్గినా తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు పెట్టడం మానలేదు. కారు నిలిపే చోట ముగ్గు నిలవడం లేదని ఆమె ఫిర్యాదు. "ఒరేయ్, ఇక్కడ గచ్చు జారుగా ఉంది. పిండి అంటుకోవడం లేదు. ఉత్త నీళ్ళయితే ఇట్లా ఉండవు" అని రెండుమూడుసార్లు చెప్పింది. కన్ను కనబడనామె మాటకన్నా కాలరు చొక్కా వేసికొన్నవారి మాట మాకు బరువుగా తోచింది. ఇప్పుడు తలచుకొంటే సిగ్గుగా ఉంది.

ఇక ప్రయాణం. కృష్ణగిరి చుట్టూ మామిడి తోటల్లో కాయ అప్పుడే బరువెక్కుతున్నది. ధర్మపురి దాటి తొప్పూరు ఘాటు దిగాము. ఆ దిగుడులో ప్రమాదాలు తరచు. కొందరు లారీవాళ్ళు డీజిలు కలిసివస్తుందని గేరు తీసివేసి బండిని దొర్లిస్తారు. భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు వదులుతాయి. ఎక్కేటప్పుడు ఏ గేరు కావాలో దిగేటప్పుడూ ఆ గేరే వేయాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. మేము ఆ సూత్రం పాటించి క్షేమంగా దిగాము. సేలం దాటి వైకుంఠం దగ్గర వరుసలో పావుగంట నిలబడ్డాము. ఎండ నిప్పులు చెరుగుతున్నది. ఏసీ నడుస్తున్నది. కమ్మీ లేచింది. వైకుంఠం దాటాము. కొంతదూరం పోయామో లేదో ముందు పలకలో ఎర్రదీపం వెలిగింది.

ఈనాటి చాలా కార్లలో వేడిని చూపే ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలిదీపం, మితిమీరితే ఎర్రదీపం. నడుమ జరిగేదంతా యజమానికి చెప్పనక్కర లేదని తయారుచేసేవారి ఉద్దేశం కాబోలు. ముల్లు ఉంటే అది పైకి పాకడం చూచి ముందే ఆగేవాళ్ళము. దీపం వెలిగేసరికి ఇంజను అప్పటికే ఉడుకుతున్నది.

బండిని మెల్లగా పక్కకు తీశాము. ఎదురుగా సంకగిరి కొండ, కొండ మీద కోట. ధీరన్ చిన్నమలైని ఆంగ్లేయులు 1805 లో ఉరితీసినది ఆ కోటలోనే. కొండ కింది ఊరు లారీల ఊరు. ఈ చుట్టుపక్కల ఊళ్ళది ఒక్కొక్కరిది ఒక్కొక్క విద్య. నామక్కల్లులో లారీలకు బాడీలు కడతారు. తిరుచెంగోడులో బోరుబావులు తవ్వే బండ్లను సిద్ధం చేస్తారు. సంకగిరిలో లారీ యజమానులూ, లారీలను బాగుచేసే షెడ్లూ ఎక్కువ. మేము ఆగిన చోటుకు నూరు గజాల దూరంలో అటువంటి షెడ్డు ఒకటి ఉన్నది. అది మా అదృష్టం, లేదా మా అమ్మ పుణ్యం.

షెడ్డులో నుంచి అరవై దాటిన ఒక మేస్త్రీ వచ్చాడు. మేము బానెట్టు ఎత్తి మూత మీద చేయి వేయబోతుండగా, మేము తెలుగు మాట్లాడుకోవడం విని, అంతదూరం నుంచే తెలుగులో కేక వేశాడు.

"సార్, ముట్టొద్దు! ఇప్పుడు మూత తీస్తే మొహం కాలిపోతాది!"

అతడు తమిళుడు. చిన్నతనంలో లారీ క్లీనరుగా విజయవాడ, గుంటూరు, ఆదోని తిరిగి తెలుగు పట్టుబడిందట. "మిరపకాయ బస్తాల మీద పడుకొని నేర్చుకొన్న తెలుగు సార్, కొంచెం కారంగా ఉంటాది" అన్నాడు.

అతడు చేసిన మొదటి వైద్యం ఏమీ చేయకపోవడమే. అమ్మను నీడలో నులకమంచం మీద కూర్చోబెట్టించి, మజ్జిగ తెప్పించి, నలభై నిమిషాలు బండిని ముట్టనివ్వలేదు. కారణం తరువాత చెప్పాడు. రేడియేటరులోని నీటిని ఒత్తిడిలో బిగించి ఉంచుతారు. అందువల్ల అది నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. అట్లాగే కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే లోహం పగలవచ్చు. దారిలో ఎర్రదీపం వెలిగితే వెంటనే ఏసీ ఆపాలి. నిలిపే చోటు దొరికేదాకా వేడిగాలి మీట పూర్తిగా తిప్పితే ఇంజను వేడి కొంత లోపలికి వస్తుంది. మనకు చెమట పడుతుంది గాని ఇంజను బతుకుతుంది.

బండి చల్లారిన తరువాత అతడు ఇంజను ఆయిలు కొలిచే కడ్డీ తీసి చూచాడు. ఆయిలు పోసే మూత తీసి దాని అడుగు చూచాడు. "పాలు కలిపిన కాఫీ రంగు లేదు. మంచిది. ఆ రంగు ఉంటే నీళ్ళు ఆయిలులో కలిసినట్టు. హెడ్డు దాకా పోయినట్టు. మీకు అంత దూరం పోలేదు" అన్నాడు. తరువాత కడ్డీ చివర అతికించిన చిన్న అద్దాన్నీ, టార్చి లైటునూ తీసికొని ఇంజను పక్కకు వంగాడు. చాలాసేపటికి మమ్మల్ని పిలిచి ఆ అద్దంలో చూడమన్నాడు. నీళ్ళ పంపు కింద గులాబీ రంగు చార ఒకటి ఎండి అట్టకట్టి ఉన్నది. బ్యాటరీలకు పోసే శుద్ధజలం తెప్పించి డబ్బా నింపి ఇంజను నడిపించాడు. కాసేపటికి ఆ చార పైనున్న చిన్న రంధ్రం నుంచి ఒక చుక్క దిగింది. మరి కాసేపటికి ఇంకొకటి.

"ఈ రంధ్రం పగులు కాదు సార్. కంపెనీవాళ్ళు పెట్టిందే. లోపల సీలు పాడైతే నీళ్ళు బేరింగులోకి పోకుండా బయటికి కారాలని, చూచినవాడికి తెలియాలని పెడతారు. బండి నాలుగు నెలలుగా చెబుతూనే ఉంది. వినేవాడు లేడు."

మేము గచ్చు మీద మచ్చ సంగతి, అది ఏసీ నీళ్ళన్న సంగతి చెప్పాము. మేస్త్రీ నవ్వాడు. ఏసీ నీటికి రంగుండదు, వాసన ఉండదు, వేలితో తాకితే జారదు. ఏసీ వేసిన రోజే కారుతుంది. కూలెంటుకు రంగుంటుంది, వేళ్ళ మధ్య జారుతుంది, తీపి వాసన వస్తుంది. ఆ తీపే ప్రమాదం. అది విషం. కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి. పసిపిల్లలున్న ఇంట్లో వెంటనే కడిగివేయాలి. రాత్రి బండి కింద తెల్లకాగితమో, అట్టముక్కో పరచి ఉదయం చూస్తే ఏ చోట ఏ రంగు మచ్చ పడిందో తెలిసిపోతుంది. నల్లగా ఉంటే ఆయిలు, రంగునీరయితే కూలెంటు, ఉత్త తడి అయితే ఏసీ.

మంచం మీద నుంచి అమ్మ అన్నది: "నేను చెప్పలే? ముగ్గు అంటుకోవడం లేదని?"

మేస్త్రీ ఆమె వైపు తిరిగి దండం పెట్టాడు. "అమ్మగారే అసలు మేస్త్రీ. మీరు పోయి షోరూమువాళ్ళని అడిగారా?" అన్నాడు.

పంపు మార్చమని మేము అడిగాము. అతడు ఒప్పుకోలేదు. "వారంటీ ఎప్పటిదాకా?" అని అడిగాడు. మూడేండ్ల వారంటీకి ఇంకా రెండు నెలలే గడువున్నదని చెప్పాము. "అయితే నేను ఒక్క నట్టు కూడా విప్పను. నేను విప్పితే బయటివాడు చేయి పెట్టాడని వాళ్ళు తప్పించుకొంటారు. ఆ చారను తుడవొద్దు. ఫోటో తీయండి. చుక్క పడేటప్పుడు వీడియో తీయండి. కోయంబత్తూరులో ఆ కంపెనీ వర్క్‌షాపు ఏదున్నా అక్కడికి పొండి. కొన్నచోటికే పోవాలని లేదు. పెద్దావిడను మాత్రం దీంట్లో తీసికొని పోవద్దు. టాక్సీ పిలుస్తాను."

ఆ తరువాత అతడు చెప్పిన మాట మేము ఇంతవరకు ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"సార్, డాక్టరు దగ్గరికి పోయి నాకు ఫలానా జబ్బు, ఫలానా మందియ్యి అంటారా? మెట్టెక్కితే ఆయాసం వస్తోంది అంటారు. బండికీ అంతే. పంపు మార్చు అని మీరంటే వాడు పంపు బాగుందంటాడు. జబ్బు పేరు చెప్పొద్దు, బాధ చెప్పండి. ఎప్పటినుంచి, ఎన్నాళ్ళకు ఎంత తగ్గుతోంది, ఏ చోట మచ్చ పడుతోంది, ఎంతదూరం పోయాక దీపం వెలిగింది, ఏసీ ఉందా లేదా. అదంతా మీ మాటల్లో కార్డు మీద రాయించండి. రాయకపోతే తాళం ఇవ్వొద్దు."

డబ్బు ఎంత ఇవ్వాలన్నాము. శుద్ధజలం ఖరీదు మాత్రం తీసికొన్నాడు. మజ్జిగ ఖరీదు కూడా తీసికోలేదు. అతనికి మాకు అమ్మవలసిన వస్తువేదీ లేదు. అందువల్లనే, మా కారు గురించి నాలుగు నెలల్లో మొదటి నిజం అతని నోట విన్నామనుకొంటాము.

మా ఇంటావిడా అమ్మా టాక్సీలో ముందు వెళ్ళారు. మేము ఏసీ ఆపి, కిటికీలు తెరచి, పాతిక ముప్పై కిలోమీటర్లకొకసారి ఆగి చల్లార్చుకొంటూ, ఆ ప్లాస్టిక్ డబ్బాను పసిబిడ్డను చూచినట్లు చూచుకొంటూ భవాని, పెరుందురై, అవినాశి మీదుగా చీకటిపడేసరికి కోయంబత్తూరు చేరాము. దారిపొడుగునా మా నాన్నగారి అంబాసిడరు గుర్తుకు వచ్చింది. ఆ బండి కూడా ఘాటు ఎక్కేటప్పుడు కాగేది. అయితే నీళ్ళకుండ వెంట ఉండేది, ముల్లు కళ్ళెదుట ఉండేది, ఏ ఊరి మేస్త్రీ అయినా దాని కడుపు తెలిసినవాడే. 1957 లో మొదలై 2014 లో ఆగిపోయిన ఆ బండి ఈనాటి బండికన్నా మెరుగని మేము అనము. ఇప్పటిది తక్కువ పెట్రోలు తాగుతుంది, ఢీకొంటే ప్రాణం కాపాడే సాధనాలూ ఉన్నాయి. కాని అంబాసిడరు యజమానికి తన బండి గురించి ఎంతో కొంత తెలిసేది. ఇప్పుడు తెలిసికోవడం కూడా దుకాణంవారికే అప్పగించాము.

మరునాడు అమ్మ ఆపరేషన్ అరగంటలో సుఖంగా ముగిసింది. మేము కారును వర్క్‌షాపుకు తోలుకొని పోయాము. అక్కడి కుర్రవాడు కార్డు మీద ‘సాధారణ తనిఖీ’ అని వ్రాసికొన్నాడు. అది కొట్టివేయించి మా మాటలు వ్రాయమన్నాము: "జనవరి నుంచి మూడు వారాలకొకసారి కూలెంటు పైగీత నుంచి కిందిగీతకు దిగుతున్నది. రాత్రి నిలిపితే ముందుభాగాన కుడివైపు గులాబీరంగు మచ్చ పడుతున్నది. నిన్న ఏసీతో పావుగంట నిలిచిన తరువాత ఎర్రదీపం వెలిగింది. నీళ్ళ పంపు కింది రంధ్రం వద్ద చుక్క కనబడింది, వీడియో ఉన్నది." కుర్రవాడు మా మొహం ఒకసారి చూచి, లోపలికి పోయి పైవారిని తీసికొనివచ్చాడు. అదే బండి, అదే కంపెనీ, అదే జబ్బు. మాట కాగితం ఎక్కేసరికి దాని కులం మారిపోయింది. రెండు రోజుల్లో పైసా లేకుండా కొత్త పంపు వేశారు. తీసివేసిన పంపును చూపమంటే చూపారు. వారంటీ కింద మార్చిన పాత భాగం కంపెనీకే పోతుంది గాని, చూచే హక్కు మనకుంటుంది.

ఆ రెండు రోజుల్లో ఒక పూట అవినాశి రోడ్డులో ఉన్న జి.డి. కార్ల ప్రదర్శనశాల చూచాము. కోయంబత్తూరు పోయిన మనవారెవ్వరూ దానిని చూడకుండా రాకూడదు. జి.డి. నాయుడుగారు మనవారే. కోయంబత్తూరు దగ్గర కళంగల్ గ్రామంలో తెలుగు మాట్లాడే కుటుంబంలో 1893 లో పుట్టారు. బడి చదువు అబ్బలేదు. ఒక ఆంగ్లేయ ఉద్యోగి ఎక్కి వచ్చిన మోటారు సైకిలును చూచి మనసుపడి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ రడ్జ్ మోటారు సైకిలునే కొన్నారని చెబుతారు. కొని ఊరేగలేదు. ముక్కలు ముక్కలుగా విప్పి, ప్రతి ముక్కా ఏం చేస్తుందో తెలిసికొని, మళ్ళీ బిగించారు. 1920 లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒకే ఒక బస్సుతో సర్వీసు మొదలుపెట్టి, దానిని పెద్ద సర్వీసుగా పెంచారు. 1937 లో మన దేశంలో మొదటి విద్యుత్ మోటారు తయారు కావడంలోనూ ఆయన చేయి ఉన్నది. 1974 లో గతించారు. ఆయన కుటుంబంవారు 2015 లో ఈ ప్రదర్శనశాల తెరిచారు. మేము వెళ్ళిననాటికి అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడుగు వంతెన కడుతున్నారు. ఆ ఏడాది అక్టోబరులో ఆయన పేరు పెట్టి తెరిచారు.

తళతళలాడే ఆ పాత కార్ల మధ్య నిలబడితే మాకు ఒక సంగతి తోచింది. నాయుడుగారిలాగా బండిని విప్పి బిగించడం మనవల్ల కాదు. కాని ఆయన మొదట చేసిన పని, అంటే కళ్ళు తెరచి చూచి అడగడం, మనవల్ల అవుతుంది. మా అమ్మ చేత్తో తడిమి ఆ పని చేసింది. రెండు కళ్ళూ ఉండి మేము చేయలేదు.

చెల్లెలి మామగారు వకీలు. భోజనాల దగ్గర ఆయన మరికొన్ని సంగతులు చెప్పారు. పాఠకులకు పనికివస్తాయని వ్రాస్తున్నాము. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై నుంచి అమలులోకి వచ్చింది. వస్తువు కొన్న ఊరికే పోయి దావా వేయనక్కర లేదు. మనం నివసించే జిల్లా కమిషనులోనే వేయవచ్చు. 50 లక్షల రూపాయల వరకు చెల్లించి కొన్న వస్తువులు జిల్లా కమిషను పరిధిలోకి వస్తాయి. వివాదం పుట్టిన రెండేండ్లలోగా వేయాలి. వకీలు తప్పనిసరి కాదు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రంవారు ఫిర్యాదు నమోదు చేసికొని కంపెనీకి పంపుతారు. లోపం పరీక్షిస్తేగాని తేలనిదైతే కమిషను నిపుణులచేత పరీక్ష చేయించగలదు. "కాని అల్లుడుగారూ, ఇవన్నీ కాగితం ఉన్నవాడికి. మీ దగ్గర మొదటి రెండుసార్ల కార్డేదీ?" అన్నారు. మేము మాట్లాడకుండా మజ్జిగన్నం కలుపుకొన్నాము.

ఊరికి తిరిగివచ్చి అమ్మిన సంస్థకు ఒక ఉత్తరం వ్రాశాము. కోపం వ్రాయలేదు. తేదీలు వ్రాశాము. జబ్బు కనిపెట్టకుండా తీసికొన్న 2,800 రూపాయలు తిరిగి ఇమ్మన్నాము. కోయంబత్తూరు కార్డు నకలు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాము. పంపేటప్పుడు మా ఇంటావిడ వెనక్కి లాగింది. "మనవాడండీ. రేపు సంఘంలో మొహం ఎట్లా చూస్తారు?" అన్నది. ఆ భయం మాకూ ఉన్నది. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అన్న సామెత ఆనాడు రెండు వైపులా నిజమనిపించింది. మొగమాటపడి ఆయన మాకు కార్డు ఇవ్వలేదు. మొగమాటపడి మేము అడగలేదు. ముక్కూ మొహం తెలియని కొనుగోలుదారుకు దక్కిన జాబ్ కార్డు, కావలసినవారమైన మాకు దక్కలేదు.

మూడు వారాలకు డబ్బు మా ఖాతాలో పడింది. ఉత్తరానికి జవాబు మాత్రం రాలేదు. ఆ మనిషి కూడా మాకు కనబడలేదు. వేసవి సమావేశానికి రాలేదు, శ్రావణమాసంలో వనభోజనాలకూ రాలేదు. టాక్సీ ఖర్చు కూడా అడగవలసిందని మా మిత్రులన్నారు. మాకు డబ్బు పోయిన బాధ కన్నా ఉగాదినాడు పక్కన నిలబడే మనిషి పోయిన బాధ ఎక్కువైంది. ఉత్తరం వ్రాయకుండా ఉండవలసిందా అని రాత్రిళ్ళు ఆలోచించాము. జవాబు దొరకలేదు.

దీపావళికి మన సంఘంలో దీపాలు వెలిగించేటప్పుడు ఆయనే మా దగ్గరికి వచ్చారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: "మీ ఉత్తరం చదివి మొదట కోపమొచ్చిందండీ. మా వర్క్‌షాపువాళ్ళను అడుగుదామంటే నా చేతిలో కార్డు లేదు. మీరు నాతో చెప్పింది నేను ఫోనులో వాళ్ళకు చెప్పాను, వాళ్ళు నాకు చెప్పింది మీకు చెప్పాను. బండి కింద వంగి చూచినవాడెవడో నాకే తెలియదు. మనవాళ్ళకు ఉపకారం చేస్తున్నాననే అనుకొన్నాను. ఇప్పుడు మా అన్న బండి వచ్చినా కార్డు రాయిస్తున్నాను."

మేము ఆయన చేయి పట్టుకొన్నాము. అంతకన్నా చెప్పవలసింది మా దగ్గరా లేదు.

పాఠక సోదరీసోదరులకు మా మనవి ఇంతే. కారులో తేడా కనబడితే ముందు తేదీ వ్రాసిపెట్టుకొనండి. జబ్బు పేరు ఊహించకండి, బాధ చెప్పండి. చెప్పినది కార్డు మీద వ్రాయించి చదివి సంతకం చేయండి. వారంటీ ఉండగానే బండిని చూపించండి, దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. అమ్మినవాడు మనవాడైతే రెండుసార్లు వ్రాయించండి. మనలో మనకు కాగితాలెందుకన్న మాట వినబడితే, మనలో మనము మిగలడానికే అని జవాబు చెప్పండి.

తిరుగు ప్రయాణంలో సంకగిరిలో ఆగామని చెప్పడం మరిచాము. మేస్త్రీ ఏదో లారీ కింద పడుకొని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. అమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకొని బండి దిగి, ఆ కాళ్ళ దగ్గర నిలబడి, "నాయనా, బయటికి రా. ఆనాడు నీ మొహం సరిగా చూడలేదు" అన్నది.